స్పృహలో లేని మనిషి తరఫున ఎవరు మాట్లాడతారు?

రోడ్డు దాటుతున్న మనిషిని కారు ఢీకొన్న తర్వాత మొదటి గంటలోనే ఒక కథ తయారవుతుంది. ఆ కథ చెప్పగలిగినవారు ఇద్దరే. ఒకరు డ్రైవరు. భయంతో వణుకుతున్నా తన కాళ్ల మీద నిలబడే ఉన్నారు. రెండోవారు స్ట్రెచర్ మీద ఉన్నారు. అందుకే పోలీసు కాగితాల్లోకి ముందుగా ఎక్కేది "ఒక్కసారిగా అడ్డం వచ్చాడు" అన్న వాక్యం. అది అబద్ధమే కానక్కరలేదు, డ్రైవరుకు నిజంగా అలాగే అనిపించి ఉండవచ్చు. ముందే చూడనివాడికి ఎదుటి మనిషి ఎప్పుడూ ఒక్కసారిగానే వస్తాడు.

నష్టపరిహారం గురించి రాసేవారు మామూలుగా గాయం తీవ్రతతో మొదలుపెడతారు. పెద్ద దెబ్బకు పెద్ద మొత్తం, చిన్న దెబ్బకు చిన్న మొత్తం అన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పరిహారం బాధను కొలవదు. బాధలో కాగితం మీద రుజువైన భాగాన్ని మాత్రమే కొలుస్తుంది. ఆ వచ్చిన మొత్తంలోంచి బాధితుడి తప్పు ఇంత అని ఒక వాటా కోసేస్తుంది. రుజువు దగ్గరా, కోత దగ్గరా కూడా నడిచే మనిషి బండిలో కూర్చున్న మనిషి కంటే బలహీనుడు. ఆ బలహీనతను చట్టమే లెక్కలోకి తీసుకోవాలి, బాధితుడి అదృష్టానికి వదిలేయకూడదు.

కోత ఎంత పెద్దదో చూపడానికి స్కాట్లండ్ కేసు ఒకటి చాలు. 2004 జనవరిలో ఒక సాయంత్రం, వెలుతురు తగ్గుతున్న వేళ, 13 ఏళ్ల అమ్మాయి బడి మినీబస్సు దిగింది. బస్సు వెనుక నుంచి రోడ్డు మీదికి అడుగుపెట్టింది. ఎదురుగా గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఢీకొంది. బడి బస్సు ఆగి ఉందని చూస్తూ కూడా డ్రైవరు వేగం తగ్గించలేదు. తగిన వేగంలో ఉండి ఉంటే కారు ఆమెను తాకేదే కాదని కోర్టే తేల్చింది. అయినా మొదటి న్యాయమూర్తి తప్పులో 90 శాతం అమ్మాయిదే అన్నారు. పై కోర్టు 70 శాతం అంది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు 50 శాతానికి తగ్గించింది. అక్కడా అయిదుగురిలో ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు.

ఆ అంకెల మీద ఒక్క నిమిషం ఆగాలి. రోడ్డు మారలేదు, కారు మారలేదు, అమ్మాయి గాయాలు మారలేదు, సాక్ష్యమూ మారలేదు. నూటికి పది రావలసిన చోట చివరికి యాభై వచ్చింది, అంటే అయిదు రెట్లు. పై కోర్టుల దాకా వెళ్లే ఓపికా స్తోమతా లేని కుటుంబమైతే ఆ పదితోనే ఇంటికి వెళ్లేది. గాయాన్ని గురించి ఏ వైద్యుడు చెప్పే మాటా మొత్తాన్ని ఇంతగా మార్చలేదు.

ఈ వాటా విషయంలో దేశాల మధ్య తేడా ఆశ్చర్యపరుస్తుంది. అమెరికాలో వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, అలబామా ఇప్పటికీ పాత నియమాన్నే పట్టుకుని ఉన్నాయి. బాధితుడి నిర్లక్ష్యం నూటికి ఒక్క వంతు ఉన్నా సాధారణంగా పైసా రాదు. వాషింగ్టన్ నగరం 2016లో పాదచారులకూ సైకిల్ తొక్కేవారికీ ఈ నియమాన్ని సడలించింది. తప్పు సగానికి మించితే తప్ప వారి హక్కు పోదు. కాలిఫోర్నియాలో 1975 నుంచి తప్పు ఎంతో కోత అంతే. ఇంగ్లండు 1945లోనే చట్టం చేసి ఈ దారి పట్టింది. భారతదేశంలోనూ కోర్టులు వాటాలు పంచే పద్ధతినే పాటిస్తాయి.

ఫ్రాన్సు మాత్రం ప్రశ్ననే మార్చేసింది. 1985 జులై 5 నాటి చట్టం ప్రకారం మోటారు వాహనం వల్ల గాయపడిన పాదచారికి, అతని మామూలు పొరపాటును పట్టుకుని పరిహారం తగ్గించే వీలే లేదు. క్షమించరాని తప్పు అయి, ప్రమాదానికి అదొక్కటే కారణమైతేనే హక్కు పోతుంది. బాధితుడు 16 ఏళ్లలోపువాడైనా, 70 దాటినవాడైనా, 80 శాతం వైకల్యం ఉన్నవాడైనా ఆ మినహాయింపు కూడా వర్తించదు. కావాలని తనకు తాను హాని తెచ్చుకున్నవారికే ఆ చట్టం తలుపు మూస్తుంది. నెదర్లాండ్స్ కోర్టులు స్థిరపరచిన నియమంలో మోటారు వాహనం ఢీకొన్న 14 ఏళ్లలోపు పిల్లలకు దాదాపు ఎప్పుడూ పూర్తి పరిహారమే. జర్మనీ చట్టం వాహన ప్రమాదాల్లో పదేళ్లు నిండని పిల్లల మీద, వారు కావాలని చేస్తే తప్ప, బాధ్యతే మోపదు. పరుగెత్తే పిల్లవాడికి దూరాన్నీ వేగాన్నీ అంచనా కట్టడం రాదని ఒప్పుకున్న చట్టాలివి.

ఇలా చేస్తే జనం చూసుకోకుండా రోడ్డు దాటుతారని ఒక అభ్యంతరం తరచూ వినబడుతుంది. ఈ మాటకు నేను విలువ ఇవ్వలేను. వచ్చే బండి కింద పడితే తర్వాత పరిహారం వస్తుంది కదా అని తొడ ఎముక విరగ్గొట్టుకునే మనిషి ఉండడు. పాదచారిని జాగ్రత్తగా ఉంచేది అతని ఒళ్లే. వందల కిలోల ఇనుము నడిపేవారి పరిస్థితి వేరు. తమ తప్పుకు మూల్యం ఎదుటివారి శరీరం చెల్లిస్తుంది కాబట్టి వారి మీద చట్టం చేయి బరువుగా పడవలసిందే. గంటకు 50 కిలోమీటర్ల నుంచి 60కి వెళ్తే వేగం పెరిగేది అయిదో వంతే, తాకిడిలోని శక్తి మాత్రం 44 శాతం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 11.9 లక్షల మంది రోడ్ల మీద చనిపోతున్నారు. వారిలో సగానికి పైగా కారు రేకుల రక్షణ లేనివారు: నడిచేవారు, సైకిల్ తొక్కేవారు, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారు.

చట్టం ఎలా ఉన్నా, వాటా తేలేది సాక్ష్యం మీదే. ఆ సాక్ష్యం చాలా త్వరగా ఆవిరైపోతుంది. దుకాణం ముందున్న కెమెరా కొన్ని రోజుల్లోనో వారాల్లోనో పాత దృశ్యాల మీద కొత్తవి రాసేసుకుంటుంది. టైరు గీతలు వానకు కరిగిపోతాయి. జారకుండా ఆపే బ్రేకులున్న కొత్త కార్లయితే అసలు గీతలే సరిగా పడవు. పగిలిన దీపం గాజు ముక్కలు ఎక్కడ పడ్డాయి, కారు ముందు భాగంలో సొట్ట మధ్యలో ఉందా అంచునా, మనిషి తాకిన చోటి నుంచి ఎన్ని మీటర్ల అవతల పడ్డాడు, ఇవన్నీ మాట్లాడతాయి. సొట్ట కారుకు అవతలి అంచున ఉందనుకోండి. అప్పటికే ఆ మనిషి బండి వెడల్పంతా దాటేశాడన్నమాట, "ఒక్కసారిగా" అన్న మాట అక్కడే బలహీనపడుతుంది. కానీ ఆ ఫొటో ఎవరో ఒకరు తీసి ఉండాలి. ఆస్పత్రి బయట కూర్చుని ఏడుస్తున్న కుటుంబానికి ఆ సమయంలో అది తోచకపోవడం ఎంత మానవ సహజమో, దాని మూల్యం అంత ఎక్కువ.

ఆస్పత్రి కాగితాలదీ ఇదే కథ. అత్యవసర విభాగంలో కారుతున్న రక్తాన్ని ఆపుతారు, విరిగిన ఎముకను చూస్తారు. తల అదిరిందన్న సంగతి వెనకబడిపోతుంది. తలకు తగిలిన తేలికపాటి దెబ్బల్లో స్కాన్ మామూలుగానే రావచ్చు. మూడు వారాల తర్వాత ఆ మనిషి మాటలు వెతుక్కుంటాడు, చిన్న శబ్దానికి విసుక్కుంటాడు, నిద్ర పట్టదు. మొదటి రోజు కాగితంలో "తలనొప్పి, కళ్లు తిరగడం" అన్న రెండు మాటలు ఉంటే ఇది ప్రమాదం వల్ల వచ్చిందని నిలబడుతుంది, లేకపోతే "ఇది మరేదో" అని బీమా వైపు వాదన మొదలవుతుంది. చికిత్సలో ఖాళీలు వస్తే వాటినీ ఇలాగే వాడుకుంటారు. ఫిజియోథెరపీకి రెండు నెలలు వెళ్లకపోతే నొప్పి తగ్గిపోయిందని అర్థం చెబుతారు. చేతిలో డబ్బు లేక వెళ్లలేదన్న కారణం ఏ ఫైలులోనూ కనబడదు.

ముందే ఉన్న జబ్బు విషయంలో మాత్రం చాలామంది అనవసరంగా భయపడతారు. పాత నడుము నొప్పి ఉందని దాచిపెడతారు, అది బయటపడితే చెప్పిన నిజాలు కూడా అబద్ధాల్లా కనిపిస్తాయి. నిజానికి ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయంలో శతాబ్దం పైగా నిలిచిన సూత్రం బాధితుడి వైపే ఉంది. ఢీకొన్నవాడు ఎదుటి మనిషి ఎలా ఉంటే అలాగే స్వీకరించాలి. పెళుసైన ఎముకలున్న వృద్ధురాలికి తుంటి విరిగితే, యువకుడికైతే విరిగేది కాదు అని తప్పించుకోవడం కుదరదు.

సంపాదన సంగతికి వస్తే, వైకల్యం శాతమూ జీవనోపాధి నష్టమూ ఒకటి కావని భారత సుప్రీంకోర్టు 2010లో ఎంతో స్పష్టంగా చెప్పింది. ఎడమ చేయి పోతే శరీర వైకల్యం 60 శాతం అనుకున్నా, ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే ఆర్జన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టే. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా అయితే ఉద్యోగం నిలవవచ్చు. న్యాయం మనిషి చేతుల్ని అతని పనిలో పెట్టి చూడాలన్న ఈ ఆలోచన నాకు చాలా ఇష్టం. జీతం చీటీ లేని పని దగ్గరే ఇది ఇంకా తడబడుతోంది. ఇంటిపని చేసే మహిళ శ్రమకూ విలువ కట్టాలని అదే కోర్టు 2021 జనవరిలో గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఆమె మంచాన పడితే ఎవరో ఒకరు వండాలి, తోమాలి, పిల్లల్ని చూసుకోవాలి. ఆ పనులు చేయడానికి మనిషిని పెట్టుకుంటే ఎంత అవుతుందో లెక్కించడం అంత కష్టమేమీ కాదు.

ఎవరి తప్పుతోనూ గాయంతోనూ సంబంధం లేని ఒక అంకె కూడా ఉంది. రాబోయే 30 ఏళ్లకు కావలసిన డబ్బు ఇవాళే ఒకేసారి ఇచ్చేటప్పుడు, దానిమీద ధరల పెరుగుదల పోగా రాబడి ఎంత వస్తుందని ఊహించాలి. ఇంగ్లండులో ప్రభుత్వం నిర్ణయించే ఆ రేటు 2001 నుంచి 2.5 శాతం ఉండేది. 2017లో దాన్ని సున్నా కంటే 0.75 కిందికి దించారు. ఏడాదికి ఒక రూపాయి చొప్పున 30 ఏళ్లు కావాలనుకుంటే, పాత రేటులో ఇవాళ సుమారు 21 రూపాయలు ఇస్తే సరిపోతుందని లెక్క, కొత్త రేటులో దాదాపు 34 కావాలి. 2025లో మళ్లీ అర శాతానికి పెంచారు. జీవితాంతం మరొకరి సాయం కావలసిన మనిషి భవిష్యత్తు, తీర్పు ఏ సంవత్సరం వచ్చిందన్న దాని మీద ఇంతగా ఆధారపడటం నన్ను కలవరపెడుతుంది.

చివరికి ఎంత తేలినా, చెల్లించేవారు ఉండాలి. బ్రిటన్‌లో వాహన బీమా మనుషుల గాయాలకు పరిమితి లేకుండా వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో తప్పనిసరి కనీస బీమా 2025 నుంచి ఒక మనిషికి 30 వేల డాలర్లు. అంతకు ముందు 15 వేలే. వెన్నెముక దెబ్బతిన్న మనిషికి అది ఆస్పత్రి మొదటి వారాలకు కూడా చాలదు. ఢీకొట్టి పారిపోయిన సందర్భాల కోసం చాలా దేశాల్లో ప్రత్యేక నిధులున్నాయి, కానీ ఫిర్యాదుకూ దరఖాస్తుకూ గడువులుంటాయి.

గడువు తరుముతుందన్న భయంతో కొందరు, ఇంటి అవసరంతో మరికొందరు తొందరపడి రాజీ కాగితం మీద సంతకం చేస్తారు. కారు బంపరు మోకాలి ఎత్తులో తగిలి కాలి ఎముక పైభాగం చితికిన పాదచారిని ఊహించుకోండి. వైద్యులకు బాగా తెలిసిన గాయం ఇది, దీనికి బంపర్ ఫ్రాక్చర్ అనే పేరే ఉంది. ఆరు నెలలకు ఎముక అతుక్కుంటుంది, ఎక్స్‌రే బాగుంటుంది, బీమా మనిషి ఫోను చేసి మర్యాదగా ఒక మొత్తం చెబుతాడు. కీలు లోపలి మృదువైన పొర దెబ్బతిన్న సంగతి ఆ ఎక్స్‌రేలో కనబడదు. కొన్నేళ్ల తర్వాత మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేస్తుంది, కీలు మార్పిడి చేయాలంటారు. ఆ రోజు సంతకం చేసిన కాగితంలో "ఇకపై ఏ దావా లేదు" అన్న ఒక్క వరుస ఉంటే, ఆ శస్త్రచికిత్స ఖర్చు అతనిదే.