ఏ పిస్టల్ కొనమంటారన్నా?

ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ దాకా, డాలస్ చుట్టుపక్కల మన తెలుగు మగజాతిని ఈమధ్య ఒక తీవ్రమైన సమస్య పట్టి పీడిస్తోంది. వీసా కాదు, ఇంటి అప్పు మీద వడ్డీ కాదు. త్రీ-గన్ పోటీకి ఏ పిస్టల్ కొనాలన్నది. మహాసభలు ఎలాగూ జరుగుతుంటాయి కాబట్టి, శాలువాల కార్యక్రమానికీ భోజనాలకీ మధ్య ఈ విషయం మీద ఒక తీర్మానం పెట్టాలని పెద్దలకు నా విన్నపం.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. టైమర్ బీప్ అనగానే పరుగు మొదలు. రైఫిల్, షాట్‌గన్, పిస్టల్ మూడింటితో స్టేజంతా, అంటే గురులు అమర్చిన మైదానమంతా, కాల్చుకుంటూ పోవాలి. ఎంతసేపు పట్టిందో అదే స్కోరు. తగలనివాటికీ మరిచిపోయినవాటికీ సెకన్లలో జరిమానా. ఇంతే ఆట. ఇందులో ఓడిపోవడానికి సవాలక్ష దారులున్నాయి. పిస్టల్ వాటిల్లో ఎక్కడో చివరన ఉంటుంది.

ఈ చివరి మాట ఒక పెద్దమనిషికి నచ్చలేదు. వృత్తి క్లౌడ్ ఆర్కిటెక్ట్. మనిషి మంచివాడే. "ఏ పిస్టల్ కొనమంటారన్నా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ఎక్సెల్ షీట్ పంపాడు. పద్నాలుగు పిస్టళ్ళు, ఇరవై రెండు కాలమ్స్. బరువు, ట్రిగ్గర్ లాగడానికి పట్టే బలం, బ్యారెల్ పొడవు, మ్యాగజైన్‌లో (తూటాల డబ్బాలో) పట్టే తూటాలు, అమ్మితే వచ్చే ధర. ఒక్కో కాలమ్‌కి వెయిటేజీ, కింద మొత్తం. చివర్లో "మిసెస్ అప్రూవల్" అని ఇంకో కాలమ్. అది మాత్రం పైనుంచి కిందదాకా ఎర్రగా ఉంది.

ఇంత శాస్త్రీయమైన పరిశోధనలో లేని కాలమ్ ఒక్కటే, డివిజన్, అంటే ఏ సామాను వాడొచ్చో తేల్చే పోటీ విభాగం. ఏ డివిజన్‌లో ఆడతావో తేలకుండా ఏ పిస్టలో ఎలా తేలుతుంది? పిస్టల్ పైభాగమైన స్లైడ్ మీద రెడ్ డాట్ (గురి చూపే ఎర్ర చుక్క) పెడితే కొన్ని మ్యాచుల్లో ఇప్పుడు ఊరుకుంటున్నారు, కొన్నిట్లో ఓపెన్ డివిజన్‌లోకి నెట్టేస్తారు. అక్కడ షాట్‌గన్‌కి కూడా డాట్ పెట్టుకుని, స్పీడ్‌లోడర్లతో కళ్ళు మూసి తెరిచేలోపు నింపేసుకునే మహానుభావులుంటారు. హెవీ మెటల్ డివిజన్ అంటావా, చాలా మ్యాచుల్లో పిస్టల్ .45 ఉండాలి, రైఫిల్ .308 ఉండాలి, షాట్‌గన్ ప్రతిసారీ చేత్తో లాగి తోసే పంప్ రకం ఉండాలి. రూల్ బుక్ ఉచితంగా దొరుకుతుంది. ఉచితం కాబట్టే ఎవరూ చదవరనుకుంటా.

తర్వాత కాలిబర్ మీద, అంటే తూటా లావు మీద, మహాయజ్ఞం. .40 కొనాలా, 9 ఎం.ఎం. కొనాలా? ఉత్త పిస్టల్ పోటీల్లో పెద్ద తూటాకి పాయింట్ల లెక్కలో లాభముంది, ఒప్పుకుంటాను. టైమ్ ప్లస్ పద్ధతిలో, అంటే పట్టిన సమయానికి జరిమానా సెకన్లు కలిపే లెక్కలో, నడిచే త్రీ-గన్‌లో సాధారణంగా గురిగా పెట్టిన అట్ట మీద నడిమధ్య ఒకటి తగిలినా చాలు, ఎక్కడైనా రెండు తగిలినా చాలు. ఆ చిల్లు పెట్టింది 9 ఎం.ఎం.మా, .40యా అని అట్ట అడగదు. ఇది చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఒప్పుకోవడానికి ఆయనకు నెల పట్టింది. ఈలోగా .40 మీద ఇంకో షీట్ తయారైంది.

గ్లాక్ అన్నాను. గాస్టన్ గ్లాక్ 1980ల మొదట్లో ఆస్ట్రియా సైన్యం కోసం తయారుచేసిన గ్లాక్ 17 దాదాపు 700 గ్రాములు, 17 తూటాలు, ధర 600 డాలర్లకు అటూఇటూ. పోటీ కోసం కాస్త పొడుగు కావాలంటే గ్లాక్ 34 ఉంది. మ్యాగజైన్ మట్టిలో పడితే దులుపుకుని మళ్ళీ వాడుకోవచ్చు, పోతే ముప్పై డాలర్లకు ఇంకోటి వస్తుంది. ఆయన మొహం అదోలా పెట్టి, "ప్లాస్టిక్ కదన్నా" అన్నాడు. పోనీ, బరువుగా ఉంటే చేతిలో ఎగరదు, సీజెడ్ షాడో 2 చూడు, ఖాళీగానే 1.33 కిలోలు తూగుతుంది అన్నాను. "అందరి దగ్గరా అదే ఉందన్నా" అన్నాడు. అప్పటికే మనసు 2011 అనే పిస్టల్ మీద పడింది. పాత 1911 పిస్టల్‌కి రెండు వరసల మ్యాగజైన్ పెట్టి 1990లలో తెచ్చిన రకం అది. అద్భుతమైన పిస్టలే, కాదనను. ట్రిగ్గర్ తాకితే చాలు. ప్రత్యేకంగా చేయించుకున్నదానికి 5,000 డాలర్లు. తూచా తప్పకుండా ఎక్సెల్ షీట్ కూడా అదే కొనమంది. వెయిటేజీలు మార్చుకుంటూ పోతే ఏ షీటైనా చివరికి మన మనసులో మాటే చెబుతుంది.

కొనడం ఎలా అన్నది ఇంకో కథ. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్స్ ఉంటే మాత్రం మినహాయింపు. అందుకని శనివారం ఉల్లిపాయ కూడా ముట్టని ఈ మనిషి పాతిక డాలర్లు కట్టి టెక్సస్‌లో అధికారికంగా వేటగాడయ్యాడు. అక్కడి జింకలకు ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

దసరాకి ఆయుధపూజ. కొత్త కారు పక్కనే కొత్త పిస్టల్. రెంటికీ బొట్లు పెట్టారు. కారుకి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు గానీ, పిస్టల్‌కి ఎక్కడ పెట్టాలో శాస్త్రం ఏమీ చెప్పకపోవడంతో, బాగా ఆలోచించి, మ్యాగజైన్ దూరే కన్నం దగ్గర పెట్టారు. స్లైడ్ గీతల్లో దూరిన కుంకుమ మ్యాచ్ రోజుదాకా పోలేదు.

ఇక మ్యాచ్. మొదటి స్టేజ్ షాట్‌గన్‌తో మొదలు, వరసగా ఇనప ప్లేట్లు. నడుముకి బెల్టు, దాని నిండా షెల్స్ (షాట్‌గన్ తూటాలు), వెనక్కి తిప్పిన టోపీ, కుడిపక్కన 5,000 డాలర్ల పిస్టల్. అది కూర్చున్న హోల్‌స్టర్ మాత్రం నలభై డాలర్ల గుడ్డ సంచి. ఆ కాలమ్ కూడా షీట్‌లో లేదు మరి. బీప్ అంది. షాట్‌గన్ గొట్టంలో ఉన్నవన్నీ అయిపోయాయి, ప్లేట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. అలవాటున్నవాడు బెల్టు మీంచి నాలుగు షెల్స్ ఒక్క గుప్పిట్లో లాగి, రెండేసి చొప్పున గొట్టంలోకి తోసేస్తాడు, చూస్తే కళ్ళు తిరుగుతాయి. మనవాడు ఒకటి తీశాడు. తిరగేసి పెట్టాడు. తీసి మళ్ళీ పెట్టాడు. రెండోది వేళ్ళ మధ్యనుంచి జారింది, దాన్ని పట్టుకోబోతే మరో మూడు జారాయి. పక్కన రేంజ్ ఆఫీసర్ చేతిలో టైమర్ నడుస్తూనే ఉంది. వెనక స్క్వాడ్‌లో ఎవరో "లీవ్ ఇట్, బ్రో!" అని అరుస్తున్నారు. మన ఇళ్ళల్లో కిందపడ్డదాన్ని వదిలే అలవాటు లేదు కదా! వంగాడు. వంగగానే గుడ్డ సంచిలోంచి పిస్టల్ జారి, కుంకుమతో సహా, మట్టిలో పడింది.

"స్టాప్!"

స్టేజ్ మధ్యలో తుపాకీ కిందపడితే మ్యాచ్ మొత్తానికి డీక్యూ, అంటే ఆటలోంచి బయటికే. పడినదాన్ని తను ముట్టుకోకూడదు, రేంజ్ ఆఫీసరే తీసి, ఖాళీ చేసి ఇవ్వాలి. ఇరవై రెండు కాలమ్స్ జల్లెడ పట్టి ఏరిన ఆ పిస్టల్ ఆ రోజు ఒక్క తూటా కూడా కాల్చలేదు. కారు దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించి, "గ్రిప్ టేప్ మార్చాలేమో అన్నా" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే అనుకున్నాను గానీ, ఇక్కడ మద్దెల మోగితే కదా!

గ్లాక్‌కీ దీనికీ తేడా 4,400 డాలర్లు. 9 ఎం.ఎం. తూటా పాతిక సెంట్ల లెక్కన 17,000కు పైగా తూటాలు. అందులో సగం కాల్చినవాడికి ఏ పిస్టల్ కొనాలన్న సందేహం ఉండదు. షాట్‌గన్ నింపడం నేర్చుకోవడానికి అసలు ఖర్చే లేదు. హాల్లో కార్పెట్ మీద నిలబడి డమ్మీ షెల్స్‌తో రాత్రి అరగంట చేస్తే చాలు. సీరియల్ వచ్చే టైములో కూడా చేయొచ్చు. పోయిన ముప్పై సెకన్లు పిస్టల్ దగ్గర పోలేదు బాబూ, షెల్స్ దగ్గర పోయాయి!

ఇంతవరకూ నవ్వుకున్నాం. డీక్యూ అయినవాడు సిగ్గుపడి ఇంటికెళ్తాడు, ఎవరికీ ఏమీ కాదు.

ఆ సాయంత్రం టీకి పిలిస్తే వెళ్ళాను. ఆయన పిస్టల్ ఎక్కడ పెడుతున్నాడో చూశాను. మంచం పక్క డ్రాయర్‌లో. తాళం లేదు. మ్యాగజైన్ లోపలే ఉంది. ఛాంబర్‌లో, అంటే పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోట, ఒకటి ఉందా అని అడిగితే, "ఉండదులే అన్నా, అనుకుంటా" అన్నాడు. అనుకుంటా! మ్యాగజైన్ తీసేసినా ఛాంబర్‌లో ఉన్న తూటా ఛాంబర్‌లోనే ఉంటుందని తెలియని మనిషికి 5,000 డాలర్ల ట్రిగ్గర్ ఎందుకు? రేంజ్‌లో ప్రతి స్టేజ్ తర్వాత మ్యాగజైన్ తీయించి, స్లైడ్ వెనక్కి లాగించి, ఖాళీ ఛాంబర్ చూపించమనేది వేడుక కోసం కాదు. ఆ ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఉంది. బొమ్మ కోసం ఆ డ్రాయర్ తెరుస్తుంది, తెరిచి తీరుతుంది, పిల్లలు చేసేదే అది. 2024లో అట్లాంటాలో మన తెలుగు కుర్రాడొకడు తుపాకీ శుభ్రం చేసుకుంటుంటే పేలి చనిపోయాడు. ఇక్కడ ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ రెండు రోజులు దండాలు, కన్నీళ్ళు. మూడో రోజు మళ్ళీ ఏ పిస్టల్, ఏ డాట్, ఏ ట్రిగ్గర్! ఎలా ఖాళీ చేయాలో, ఎక్కడ దాచాలో అడిగినవాడు ఒక్కడు లేడు. సిగ్గుండాలి మనకి.

అక్కడికక్కడే ఖాళీ చేయించాను. సేఫ్ కొనమన్నాను. పిస్టల్ పట్టేంత చిన్నది 200 డాలర్ల లోపే వస్తుంది. పిస్టల్‌కి 5,000 ఆ పూటే కట్టాడు. సేఫ్ మాత్రం థాంక్స్‌గివింగ్ సేల్‌లో చూస్తాడట.