కడప బండల మీద కాలేయం

పిల్లోడికి నాలుగేళ్లు నిండేలోపే కడపలో చాలా ఇళ్లల్లో ఒక నిర్ణయం జరిగిపోయి ఉంటుంది: వాడు డాక్టరు. వాడికి ఇంకా చెప్పలేదు, అంతే. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే కాబట్టి, పాలపళ్లు ఊడకముందే మానవ శరీరం జిగ్‌సా పజిల్ ఇంటికి వస్తుంది.

1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన పటాన్ని చెక్కకు అంటించి, దేశాల సరిహద్దుల వెంబడే కోసి పిల్లలకు భూగోళం నేర్పాడు. సరిహద్దుల వెంబడే అన్నది గమనించాలి. ఇప్పుడు డబ్బాలో వచ్చే పజిల్ గుండెను అడ్డదిడ్డంగా నాలుగు ముక్కలు చేస్తుంది. అవి గుండెలోని నాలుగు గదులే అనుకుంటే పొరపాటు. వాటిలో ఒకదానికి సగం ఊపిరితిత్తి అంటుకుని ఉంటుంది.

అందుకే ఇంట్లో చేసుకోవడం ఉత్తమం. స్టేషనరీ అంగట్లో దొరికే శరీరం చార్టు, పుస్తకాల బైండింగుకు వాడే గట్టి అట్ట, ఫెవికాల్ చాలు. ఫ్రిజ్ పెట్టె అట్ట పనికిరాదు. లోపల మడతలుంటాయి కాబట్టి కోసిన అంచు నలిగిపోతుంది. చార్టు అంటించాక అట్ట వెనకవైపు కూడా ఒక తెల్లకాగితం అంటించాలి. తడి కాగితం ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది. వెనక కాగితం లేకపోతే, మే నెలలో తెల్లారేసరికి కాలేయం అప్పడమై లేస్తుంది. రాత్రంతా బరువు పెట్టాలి. అక్క నీట్ మెటీరియల్‌కు ఇంతకన్నా సార్థకత ఉండదు. మరునాడు అవయవం గీత వెంబడి బ్లేడుతో మెల్లగా మూడుసార్లు గీయాలి. ఒకే వేటుకు తెంపాలని చూస్తే పై కాగితం లేచిపోతుంది. నాలుగేళ్లవాడికి 12 ముక్కలు చాలు. అపెండిక్సును విడిగా కోయకండి. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ ముక్క నేరుగా అసలు పేగుల్లోకే చేరుతుంది.

ఎముకల జోలికి ఇప్పుడే పోవద్దు. 206లో మణికట్టు నుంచి వేళ్ల దాకా చేతులకూ, పాదాలకే 106 పోతాయి. పైగా 206 పెద్దవాళ్ల లెక్క. పుట్టినప్పుడు 300 దాకా ఉండి, తర్వాత కొన్ని అతుక్కుంటాయి. అంటే లెక్క తప్పింది పిల్లోడి ఒళ్లేనని పజిల్ తేల్చేస్తుందన్నమాట. దీనికి తోడు ఆదివారం మటన్ అంగడి పాఠం ఒకటుంది. కార్జం, గుండెకాయ, బోటి అక్కడ ముందే నోటికి వచ్చేస్తాయి. కానీ మేకకు పక్కటెముకలు 13 జతలు, మనకు 12.

అసలు చిక్కు కుడిఎడమలతో. కాలేయం మన కుడివైపు ఉంటుంది. బొమ్మ మనకు ఎదురుగా ఉంటుంది కాబట్టి అది చూసేవాడి ఎడమకు కనిపిస్తుంది. వాడు దాన్ని తన ఎడమ డొక్కలో ఖాయం చేసుకుంటాడు. మందు కడప బండల్లోనే ఉంది. నల్లటి బండ అంటే పలకే కదా. పిల్లోడిని వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీసి, అందులో ముక్కలు పేర్చించి, ఆ పక్కనే మళ్లీ పడుకోబెట్టి చూపించాలి. అయితే కడపలో నేలమీద సుద్దతో మనిషి ఆకారం గీసేముందు పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పడం మర్యాద. శుక్రవారం అయితే జేజికి, అదే నాయనమ్మకు కూడా.

పేర్చే వరుసా ముఖ్యమే. ముందు వెన్నెముక, మూత్రపిండాలు; కుడిది కాస్త కిందికి, ఎందుకంటే పైన కాలేయం ఉంది. తర్వాత క్లోమం, దానిమీద జీర్ణాశయం. డబ్బా పజిల్‌లో అన్నీ ఒకే వరసలో, బస్సు సీట్లలో కూర్చున్నట్టు ఉంటాయి. మూత్రాశయం దగ్గర మనిషి అయిపోతాడు. ఆ కింద ఏముందో చెప్పే ధైర్యం ఏ డబ్బాకూ లేదు, ఏ నాయనకూ లేదు.

వాడు రెండు నిమిషాల్లో పేర్చేశాడని మురిసిపోయేముందు ముక్కలన్నీ బోర్లించి ఇవ్వండి. అప్పుడూ రెండు నిమిషాల్లోనే పేరిస్తే వాడికి వచ్చింది అట్టల గాట్లు, అవయవాలు కావు.

ముక్కలు పోతాయి. కంగారు వద్దు. పిత్తాశయం, ప్లీహం, అపెండిక్స్ లేకున్నా మనిషి బతుకుతాడు. మూత్రపిండం ఒకటి చాలు. కాలేయంలో కొంత తీసేసినా మళ్లీ పెరుగుతుంది, అట్టది మాత్రం పెరగదు. గుండె పోతే కొత్త చార్టు కొనక తప్పదు.

ఇక ప్రదర్శన. ప్రొద్దుటూరు మామ వస్తాడు. పిల్లోడు కాలేయాన్ని ఎడమవైపు పెడతాడు, ఇల్లంతా చప్పట్లు కొడుతుంది. మామ రొమ్ము కింద చెయ్యి పెట్టుకుని, "ఒరే డాక్టరూ, రాత్రి నుంచి ఈడ మంటగా ఉండాది, ఏందిరా ఇది?" అంటాడు. వాడు నోరు తెరిచేలోపే నాయన, జేజి, కాఫీ తెస్తున్న అమ్మ ఒకేసారి "గ్యాస్" అంటారు.

పిల్లోడు డబ్బా అంతా వెతికి, ఆ ముక్క కనిపించక, బీరువా కిందికి దూరుతాడు.