రోమన్ చెప్పులకి ఇంత రేటా అని అడిగేవాళ్లకి

నేను చేత్తో కుట్టి అమ్మే ప్రాచీన రోమన్ సైనికుల చెప్పుల నకళ్లు ఎవరికి చూపించినా మొదటి మాట ఒకటే. "ఆన్‌లైన్‌లో ఇందులో పావు ధరకే వస్తున్నాయి కదండీ!"

వస్తాయి, ఎందుకు రావు? క్రోమ్ తోలు, అంటే క్రోమియం రసాయనాలతో పదును చేసింది తెచ్చి, జిగురుతో అంటించి, కింద రబ్బరు అట్ట వేసి, మోకాలి దాకా తాళ్లు చుట్టేస్తే నాటకానికో షూటింగ్‌కో సరిపోతాయి. నాకేం గొడవ లేదు. దాని మీద "అచ్చమైన రోమన్" అని రాసి అమ్మితేనే ఒళ్లు మండుతుంది. క్రోమ్ పద్ధతి వచ్చిందే 19వ శతాబ్దంలో. చాలాసార్లు ఆ తోలు అంచు కోస్తే మధ్యలో నీలి బూడిద రంగు కనిపించి దొరికిపోతుంది.

రోమన్లది చెట్ల బెరడుతో పదును చేసిన తోలు. ఇంగ్లండ్‌లో ఓక్ బెరడు గుంటల్లో ఇప్పటికీ అలా చేసేవాళ్లున్నారు, ఒక్కో తోలుకి ఏడాది పైనే పడుతుంది. మన ఊళ్లలో లందల్లో (తోలు పదును చేసే గుంటల్లో) తంగేడు చెక్కతో చేసిందీ ఇలాంటి పనే. ఇంగ్లండ్‌లో ఆ పని వచ్చినవాడిని కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు, మనవాళ్లేమో అదే పని చేసిన చేతుల్ని ఊరి బయట పెట్టారు. దాని గురించి మొదలుపెడితే ఈ పోస్టు సరిపోదు.

ఇక అసలు పని. కలిగా అనే ఆ సైనికుల చెప్పుకి పైభాగం మొత్తం ఒకే తోలు ముక్క, వారులన్నీ (పట్టీలన్నీ) అందులోంచే కోసి తీయాలి, చివరి పట్టీ దగ్గర కత్తి జారిందంటే ముక్క మొత్తం చెత్తబుట్టకే. తర్వాత దాన్ని తడిపి ఆకారానికి తెచ్చి, మడమ దగ్గర కుట్టి, అడుగు అట్టల పొరల మధ్య అంచులు ఇరికించి, ఇనుప మేకులు కొట్టాలి. మొనలు లోపలివైపు వంగి బిగుసుకోవాలి, లేకపోతే అరికాలికి తెలుస్తుంది. తడి తగిలితే మేకుల చుట్టూ తోలు నల్లబడుతుంది, తోలుని పదును చేసే, బెరడులోని టానిన్ అనే పదార్థానికి ఇనుము తగిలితే అంతే. ఒకాయన ఆ మరకలు చూసి డబ్బులు వెనక్కి ఇమ్మన్నాడు! బాబూ, తోలు అసలుదని చెప్పేదే ఆ మరక. ఇంకొకరికి టైల్స్ మీద జారుతున్నాయట. జారవా మరి? క్రీ.శ. 70లో యెరూషలేం ఆలయం రాతి నేల మీద జూలియానస్ అనే సెంచూరియన్ (రోమన్ దళాధికారి) ఈ మేకుల వల్లే జారిపడి, శత్రువుల చేతిలో చచ్చాడని ఆ కాలపు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు.

పోనీ, రోమన్లంటే ఈ వారుల చెప్పులేనా అంటే అదీ కాదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని విండోలాండా కోటలో గాలి ఆడని తడి మట్టిలోంచి 5000కి పైగా పాదరక్షలు బయటపడ్డాయి. వాటిలో ఆడవాళ్లవి, పసిపిల్లలవి కూడా ఉన్నాయి, కాలంతా కప్పే బూట్లున్నాయి. నార దారం కుళ్లిపోయినా కన్నాలు మిగిలాయి, ఆ కన్నాల్ని చూసే కుట్టు ఎలా వెళ్లిందో పట్టుకుంటాం. క్రీ.శ. రెండో శతాబ్దం మొదట్లోనే కలిగా వాడకం తగ్గి సైనికులు మూసిన బూట్లలోకి మారిపోయారు. సినిమాల్లో మాత్రం ఏ కాలపు రోమన్‌కైనా అవే వారులు!

రేటు సంగతికొస్తే, క్రీ.శ. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి ధరలకి పరిమితి పెట్టినప్పుడు సైనికుల బూట్ల జత, మేకులు లేకుండానే, 100 డెనారీలు (రోమన్ నాణేలు). పొలం కూలీకి తిండి పెట్టి రోజుకి 25. అంటే నాలుగు రోజుల కూలి, మేకుల ఖర్చు వేరే. అప్పుడూ చవక కాదు.

అంతకు ముందు వెస్పాసియన్ చక్రవర్తి కాలంలో, ఓస్టియా, పుతియోలీ రేవుల నుంచి రోమ్‌కి నడిచొచ్చే నావికాదళం వాళ్లు చెప్పుల ఖర్చు ఇప్పించమని అడిగారట. ఆయన పైసా ఇవ్వకపోగా, ఇకమీదట వట్టికాళ్లతో పరిగెత్తమన్నాడు. బేరాలు మరీ ఎక్కువైతే నేనూ అదే చెప్తా.