దుమ్ముకు దాహం

సౌర విద్యుత్ కేంద్రానికి స్థలం వెతికేవారికి కొన్ని గట్టి పట్టింపులు ఉంటాయి. ఆకాశంలో మబ్బు ఉండకూడదు. వాన పడకూడదు, పడినా మొహమాటానికి నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోవాలి. చెట్టు నీడ ఉండకూడదు. పంట పండకూడదు, పండితే నేల ధర పెరుగుతుంది. ఇన్ని కూడదుల వడపోతలో నెగ్గిన నేల మీద పని మొదలైన రోజున ఇంజినీరు అడిగే మొదటి ప్రశ్న, "నీళ్లు ఎక్కడ?"

నీళ్లు లేవనే కదా ఇక్కడికి వచ్చాం అని ఆ గుంపులో ఎవరూ అనరు. అందరికీ ఉద్యోగాలు అవసరం.

పనిలో లేచే దుమ్మును అణచడానికి, మట్టిని గట్టిపరచడానికి నీళ్లు కావాలి మరి. ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టిన విద్య ట్యాంకర్ రవాణా. ఇంత గొప్ప విద్యకు దక్కవలసిన గౌరవం దక్కలేదని నా బాధ. ప్రారంభోత్సవం నాడు ఎన్ని మెగావాట్లో చెబుతారు, ఎన్ని లక్షల సౌర పలకలో చెబుతారు, ఎన్ని టన్నుల బొగ్గు మిగులుతుందో కూడా చెబుతారు. ఎన్ని ట్యాంకర్ల నీళ్లు వచ్చాయో మాత్రం చెప్పరు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు తూకం చూద్దాం. లీటరు నీళ్ల బరువు కిలో. పది వేల లీటర్ల ట్యాంకర్ మోసేది పది టన్నుల నీళ్లు, బండి బరువు దీనికి అదనం. ఇంత బరువును డీజిల్ కాల్చి, గతుకుల దారిలో ఈడ్చుకొచ్చి ఒక హెక్టారు నేల మీద సమంగా పరిచామనుకోండి. ఆ నీటి పొర మందం ఎంత ఉంటుందో తెలుసా? సరిగ్గా ఒక మిల్లీమీటరు. గోరు మందానికి ఇంచుమించు రెట్టింపు. మెట్ట ప్రాంతాల మండువేసవిలో తెరిచి ఉంచిన నీటి నుంచి రోజుకు పది మిల్లీమీటర్ల దాకా ఆవిరైపోయే రోజులు ఉంటాయి, అందులో అధిక భాగం పట్టపగలే. అంటే డ్రైవరు రెండో లోడు కోసం బోరు దగ్గరికి చేరి వరుసలో నిలబడేలోపు, అతను చల్లిన మొదటి లోడు ఆకాశానికి చేరిపోతుంది. బూడిదలో పోసిన పన్నీరు అని సామెత కట్టినవారు ట్యాంకర్లను చూడలేదు. చూసి ఉంటే దానికి ఒక బిల్లు కూడా జత చేసేవారు.

వంద మెగావాట్ల కేంద్రానికి, మెగావాట్‌కు ఐదు ఎకరాల చొప్పున, ఐదు వందల ఎకరాలు కావాలి. రమారమి రెండు వందల హెక్టార్లు. అంతటినీ ఒక్కసారి ఒక మిల్లీమీటరు తడపాలంటే రెండు వందల ట్యాంకర్లు. అంతా ఎందుకు తడుపుతారు, పని జరిగే చోటు, బండ్లు తిరిగే దారి తడిపితే చాలదా అని తెలివైన పాఠకులు అడుగుతారు. నిజమే, అంతే తడుపుతారు. అందుకే ఒక్కసారితో సరిపెట్టకుండా పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకే దాకా తడుపుతారు.

ఇంతకీ ఆ దుమ్ము ఎక్కడిది? ఈ విద్యకు మూలం అక్కడే ఉంది కాబట్టి కాస్త నిలబడి చూడాలి. ఎడారి నేల మనం అనుకున్నంత అనాథ కాదు. కొన్ని చోట్ల గులకరాళ్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని నేల మీద రాతి కప్పులా పరుచుకుంటాయి. మరికొన్ని చోట్ల కంటికి ఆనని సయనోబాక్టీరియాలనే సూక్ష్మజీవులు, రాళ్ల మీద మచ్చల్లా పాకే లైకెన్లు, నాచు కలిసి మట్టి రేణువులను దారాలతో కుట్టినట్టు పట్టి ఉంచుతాయి. ఈ పొర ఏర్పడటానికి దశాబ్దాలు పడుతుంది, కొన్ని చోట్ల శతాబ్దాలు. ఎవరూ చుక్క నీరు చల్లకపోయినా, ఎంత గాలి వీచినా, తన మట్టిని తాను పట్టుకుని కూర్చున్న నేల అది.

దాని మీదికి నేలను చదును చేసే గ్రేడర్ యంత్రం వస్తుంది. ఒక్క పూటలో ఆ చర్మం ఒలిచేస్తుంది. పొదలు వేళ్లతో సహా లేస్తాయి. సాయంత్రానికి నేల బల్లపరుపుగా, చూడముచ్చటగా, పిండిలా తయారవుతుంది. మర్నాడు గాలి వీస్తుంది. "అబ్బో, ఇక్కడ దుమ్ము ఎక్కువ" అని అందరూ ఆశ్చర్యపోతారు. ఉచితంగా దుమ్మును పట్టి ఉంచుతున్న పొరను డబ్బిచ్చి తీయించి, అదే పని చేయించడానికి మళ్లీ డబ్బిచ్చి నీళ్లు తెప్పించుకోవడాన్ని ఇళ్లలో ఏమంటారో నాకు తెలుసు. ప్రాజెక్టు కాగితాల్లో మాత్రం దాన్ని 'స్థలాన్ని సిద్ధం చేయడం' అంటారు.

అమెరికాలోని నెవడా ఎడారిలో జెమిని అనే సౌర కేంద్రం కట్టినప్పుడు చాలా మేర పొదలను పెకలించకుండా పైపైన కత్తిరించి, వేళ్లను నేలలోనే వదిలేశారు. నేల ఎత్తుపల్లాలను ఉన్నవున్నట్టు అనుసరించి పలకలను నిలబెట్టే చట్రాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. ఇలాంటి వార్తలు ట్యాంకర్ విద్య మీద ప్రేమ ఉన్నవారిని కలవరపెడతాయి. నేల చర్మం ఒలవకపోతే దుమ్ము లేవదు, దుమ్ము లేవకపోతే తడపనక్కరలేదు, తడపనక్కరలేకపోతే ఇంతమంది ఇన్ని ట్రిప్పుల లెక్కలు ఎక్కడ రాసుకుంటారు?

ఈ విద్యలో నన్ను బాగా ఆకట్టుకున్నది దాని స్వయంపోషకత్వం. నీళ్ల బండి కచ్చా దారిలో వస్తుంది. పది టన్నుల బరువుకు దారి నలిగి దుమ్ము లేస్తుంది. ఆ దుమ్మును అణచడానికి ఇంకో నీళ్ల బండి కావాలి. అది కూడా గాలిలో ఎగిరి రాదు. పోనీ ఎక్కువ నీళ్లు చల్లుదామంటే నేల బురదవుతుంది. బురద చక్రాలకు అంటుకుని తారు రోడ్డెక్కుతుంది, అక్కడ ఎండుతుంది, వచ్చే పోయే బండ్ల కింద నలిగి దుమ్మవుతుంది. ఇక రోడ్డును కడగడానికి ట్యాంకర్ కావాలి. బయటి నుంచి పనేమీ తెచ్చుకోకుండా తనకు కావలసిన పనిని తానే పుట్టించుకునే యంత్రం ఇంకొకటి ఉంటే నాకు చూపించండి.

దుమ్ము ఒక్కటే కాదు, మట్టిని తొక్కి గట్టిపరిచే రోలర్‌కూ దాహమే. 1933లో ప్రోక్టర్ అనే అమెరికన్ ఇంజినీరు ఒక సంగతి తేల్చి చెప్పాడు. ప్రతి మట్టికీ ఒక తేమ లెక్క ఉంటుంది. అంతకంటే పొడిగా ఉంటే ఎంత తొక్కినా గట్టిపడదు, తడి ఎక్కువైతే స్పంజిలా ఊగుతుంది. మూడు శాతం తేమ ఉన్న ఎండు మట్టిని పది శాతానికి తేవాలంటే ఘనమీటరుకు నూట ఇరవై లీటర్ల పైచిలుకు పోయాలి. ఒక ట్యాంకర్ ఎనభై ఘనమీటర్ల మట్టికి సరిపోతే గొప్ప. సబ్‌స్టేషన్ గట్టుకు, లోపలి దారులకు ఎన్ని ఘనమీటర్లో మీరే గుణించుకోండి. కాంక్రీటు దాహం వీటి ముందు పసివాడి దాహం. పైగా పలకల స్తంభాలను నేలలోకి నేరుగా దిగ్గొట్టే చోట అది కూడా అంతంతమాత్రమే.

దుమ్ము అణచడం విలాసం కాదని నేను ఎరుగుదును. 2011 నుంచి 2014 వరకు కాలిఫోర్నియాలో రెండు సౌర కేంద్రాల నిర్మాణంలో పనిచేసిన 3,572 మందిలో 44 మందికి 'వ్యాలీ ఫీవర్' సోకింది. అక్కడి మట్టిలో ఉండే ఒక శిలీంధ్రం దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళితే వచ్చే జబ్బు అది. కనుక నీళ్లు దండగ అనే వాదం నాకు లేదు. నా వాదమల్లా నెలాఖరు సమీక్షలో నీటి ఖర్చు తగ్గించినందుకు మెచ్చుకోలు పొందే అధికారి గురించి. ఆయన మిగిల్చిన నీళ్ల లెక్క కూలీల ఊపిరితిత్తుల్లో దుమ్మై తేలుతుంది. ఆ పద్దు రాసే గడి ఏ సమీక్ష పత్రంలోనూ లేదు.

ఇక కొలత సంగతి. చెల్లింపు లీటరుకు కాక ట్రిప్పుకు అయిన చోట, డ్రైవరు ట్రిప్పులు పెంచుతాడు. అందులో అతని తప్పేమీ లేదు, లెక్క అలా పెట్టినవారిది. నిండిన ట్యాంకు నిలకడగా ఉంటుంది, ఖాళీ ట్యాంకు తేలిగ్గా ఉంటుంది. సగం నిండిన ట్యాంకులోనే నీరు ముందుకూ వెనక్కూ కొట్టుకుని, బ్రేకు వేసినా బండిని ముందుకు నెడుతుంది. లోపల అడ్డగోడలు పెట్టేది అందుకే. అయినా తెచ్చిందాంట్లో సగం చల్లి, మిగతా సగంతో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగే బండ్లు కనిపిస్తాయి. చల్లేది కూడా మిట్టమధ్యాహ్నం. రాత్రి చల్లితే నేల తాగుతుంది కదా అంటే, రాత్రి సంతకం పెట్టే మనిషి ఉండడు.

ఈ నీళ్లు ఎక్కడివో అడగడం మర్యాద కాదు, అయినా అడుగుతాను. చాలా చోట్ల బోరువే. ఎండు నేలల కింద నీరు ఊరడం మహా నిదానం. సహారా కింద ఉన్న న్యూబియన్ ఇసుకరాతి పొరలో నీరు వేల ఏళ్ల కిందటి తడి కాలాల నాటిది, ఇప్పటి వానలు దానికి కలిపేది నామమాత్రం. అలాంటి నీటిని పైకి లాగి రెండు గంటల పాటు దుమ్ము మీద చల్లడం, తాతల నాటి ఆస్తి అమ్మి ఒక పూట గొడుగు అద్దెకు తెచ్చుకోవడం లాంటిది.

ఈ మాట అంటే నిపుణులు సగటు తీస్తారు. వారు చెప్పేది అబద్ధం కాదు. శీతలీకరణ టవర్లున్న బొగ్గు కేంద్రం ఒక మెగావాట్ గంట విద్యుత్తుకు రెండు వేల లీటర్లకు పైగా నీరు తాగుతుంది. సౌర పలకలకు కడగడానికి కావలసింది అందులో చిన్న భాగం, నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు పెట్టుకుంటే అదీ తగ్గుతుంది. నిర్మాణంలో వాడిన నీటిని ఇరవై ఐదేళ్లకు పంచితే యూనిట్‌కు గ్లాసుడు కూడా రాదని తేలుస్తారు. లెక్క తప్పు లేదు. చిక్కల్లా బావికి సగటు తెలియకపోవడం. ఆ నీరంతా ఏడాది, రెండేళ్లలో, ఆ చుట్టుపక్కల బోర్ల నుంచే పోయింది. పొరుగున మోటారు గాలి లాగుతున్నప్పుడు దాని యజమానికి ఇరవై ఐదేళ్ల పట్టిక చూపించి, మీ వాటా ఏడాదికి ఇంతే తగ్గింది అని నచ్చజెప్పగలిగిన నిపుణుడిని నేను ఇంకా చూడలేదు.

నాదొక చిన్న విన్నపం. కేంద్రం గేటు ముందు బోర్డు మీద మెగావాట్ల అంకె పక్కన, అంతే పెద్ద అక్షరాల్లో, ట్యాంకర్ల అంకె కూడా రాయించాలి. దీన్ని ఎవరూ ఒప్పుకోరని తెలుసు. బోర్డు మీద చోటు లేదంటారు.

చివరికి అన్నీ పూర్తయి ప్రారంభోత్సవం వస్తుంది. ఆ రోజు తెల్లవారుజామునే ఒక ట్యాంకర్ వచ్చి, గేటు నుంచి వేదిక దాకా అతిథులు నడిచే దారిని మాత్రం పద్ధతిగా, బురద కాకుండా, దుమ్ము లేవకుండా, ప్రోక్టర్ చూసినా మెచ్చుకునేంత కొలతగా తడిపి వెళ్లిపోతుంది. ఆ ట్రిప్పు ఏ లెక్కలోనూ ఉండదు.