మూడు భాషల ఇంటి నుంచి వచ్చిన అనువాదకుడు

ఎ.కె. రామానుజన్ పేరు వినగానే మనలో చాలామందికి ఎం.ఏ. ఇంగ్లిష్ సిలబస్ గుర్తొస్తుంది. భారతీయ ఇంగ్లిష్ కవుల జాబితాలో ఒక పేరు, పరీక్షకు పనికొచ్చే నాలుగు కవితలు. ఇంకొందరికి 2011లో జరిగిన గొడవ గుర్తుంటుంది. రామకథల వైవిధ్యం మీద ఆయన రాసిన వ్యాసాన్ని ఢిల్లీ విశ్వవిద్యాలయం బీఏ చరిత్ర పాఠాల నుంచి తీసేసింది. అప్పటికి ఆయన పోయి పద్దెనిమిదేళ్లు. ఈ రెండు దారుల్లో వెళ్లినవాళ్లకు అసలు రామానుజన్ దొరకరు. కన్నడంలో మూడు కవితా సంపుటాలు, ఒక నవల రాశారాయన. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి తమిళ కవిత్వాన్నీ, పన్నెండో శతాబ్దపు కన్నడ వచనాల్నీ, అంటే శివభక్తులు చెప్పిన చిన్న కవితల్నీ, ప్రపంచం చేత చదివించారు. నా లెక్కలో ఆయన ప్రధాన రచన అనువాదమే. సొంత ఇంగ్లిష్ కవిత్వం, అది ఎంత బాగున్నా, దాని తర్వాతే.

1929లో మైసూరులో పుట్టారు. ఇంట్లో తమిళం, ఊరంతా కన్నడం. తండ్రి గణితం ప్రొఫెసర్. మేడ మీద ఆయన గదిలో ఇంగ్లిష్ మాటలు, కింద అమ్మ దగ్గర తమిళం, వీధిలోకొస్తే కన్నడం. దక్షిణాదిలో ఇలాంటి ఇళ్లకు కొదవలేదు. కాకపోతే చాలామంది పెద్దయ్యాక మేడ మీది భాషలోనే స్థిరపడిపోతారు, కింది భాష అమ్మతో ఫోన్లో మాట్లాడటానికి మిగులుతుంది. రామానుజన్ మాత్రం మెట్లు దిగడం మానలేదు. కొల్లం, బెళగావి, బరోడాల్లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకునే రోజుల నుంచే జానపద కథల మీద ఆయనకు ధ్యాస. పుణె దక్కన్ కాలేజీలో భాషాశాస్త్రం చదివి, 1959లో అమెరికా వెళ్లి, ఇండియానా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. ఆ తర్వాత 1993లో పోయేదాకా షికాగో విశ్వవిద్యాలయమే.

ఆ ప్రాచీన తమిళ కవిత్వం, సంగం కవిత్వం, ఆయనకు దొరికింది కూడా షికాగోలోనే. 1962లో ఒక శనివారం పాత తమిళ వ్యాకరణం కోసం లైబ్రరీ నేలమాళిగలో వెతుకుతుంటే తమిళ పండితుడు స్వామినాథ అయ్యర్ పరిష్కరించిన ‘కురుంతొగై’ అనే సంగం పద్యాల సంకలనం చేతికొచ్చింది. అల్మరాల మధ్య నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టారు. తన అమ్మ భాషలో ఇంత సంపద ఉందని అంతవరకూ తనకు తెలియదని, సొంత సంప్రదాయాన్నైనా కష్టపడి సంపాదించుకోవాల్సిందేనని ఆయనే రాసుకున్నారు. 1967లో వచ్చిన తమిళ అనువాద సంపుటం ఆ శనివారం ఫలితమే.

ఆ పని ఎంత కష్టమో ఒక్క పద్యంతో తెలుస్తుంది. ‘ఐంకురునూరు’ అనే మరో సంగం సంకలనంలో కపిలర్ అనే కవి రాసిన పద్యం అది. కొండప్రాంతం వాడితో వెళ్లి పుట్టింటికి తిరిగొచ్చిన అమ్మాయి చెలితో అంటుంది: ‘మన తోట తేనె కలిపిన పాలకన్నా తియ్యన, వాళ్ల ఊళ్లో ఆకులు రాలిన గుంట అడుగున జింకలు తాగగా మిగిలిన బురద నీళ్లు.’ మూలంలో ‘నీరు’ చిట్టచివరి మాట. ఊరు, ఆకులు, గుంట, జింకలు, బురద అన్నీ దాటాక గానీ ఏది తియ్యగా ఉందో తెలియదు. ఇంగ్లిష్‌లో ఈ వరుస నిలవదు. నీళ్లు ముందొచ్చేస్తాయి, మిగతావన్నీ వాటి వెనక చేరతాయి. తమిళ వాక్యానికి ఇంగ్లిష్ వాక్యం అద్దంలో బొమ్మ లాంటిదని భాషాశాస్త్రవేత్తగా ఆయన గుర్తించారు. అందుకే పదానికి పదం పెట్టే పని మానేసి, పంక్తులు విరిచి, కాగితం మీద మెట్లుమెట్లుగా పేర్చి, చదివేవాడి కన్ను ఒక్కో దృశ్యం దగ్గరా ఆగేలా చేశారు. కవి అయినందువల్ల ఎక్కడ విరవాలో తెలిసింది, భాషాశాస్త్రం చదివినందువల్ల ఎందుకు విరవాలో తెలిసింది.

ఇదే పద్యాన్ని తెలుగులోకి తేవడానికి ఈ యాతన అక్కర్లేదు. పైన నేను రాసిన వాక్యం చూడండి. మూలంలోలాగే నీళ్లు చివరికే వచ్చాయి. అయినా మనలో చాలామందిమి సంగం కవుల్ని రామానుజన్ ఇంగ్లిష్‌లో చదువుకుని, అందులోంచి తెలుగు చేసుకుంటున్నాం. ఆయన అంత శ్రమపడి తిప్పిన వాక్యాన్ని మళ్లీ వెనక్కి తిప్పుతున్నాం. పక్కింటి కవిత్వం షికాగో మీదుగా రావడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

రామానుజన్ మీద విమర్శ లేకపోలేదు. బసవన్న, అల్లమ ప్రభు, అక్కమహాదేవి, దేవర దాసిమయ్యల వచనాలతో 1973లో ఆయన తెచ్చిన సంపుటం చాలా పేరు తెచ్చుకుంది. 1992లో విమర్శకురాలు తేజస్విని నిరంజన దాన్ని గట్టిగా ప్రశ్నించారు. వచనాల్ని ఆధునిక ఇంగ్లిష్ కవితల్లా మార్చేశారని, పాశ్చాత్య పాఠకుడికి అలవాటైన భక్తి చట్రంలో బిగించారని ఆమె అభ్యంతరం. అందులో నిజముంది. ఆ ఇంగ్లిష్ బసవన్న కొన్నిచోట్ల ఒంటరిగా బాధపడే ఇరవయ్యో శతాబ్దపు కవిలా వినిపిస్తాడు, వెనకున్న శరణుల, అంటే తోటి శివభక్తుల, గుంపు మసకబారుతుంది. కానీ ఒక సంప్రదాయం మొత్తం ఒకే అనువాదకుడి భుజాల మీద పడితే ఆయన అభిరుచే దాని ముఖమైపోతుంది. పది మంది చేసిన చోట ఈ సమస్య ఇంత పెద్దది కాదు.

తనకు తోడు కావాల్సిన చోట ఆయన తోడు తీసుకున్నారు కూడా. క్షేత్రయ్య తదితరుల పదాల్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి ఇంగ్లిష్ చేశారు. ఆయన పోయిన మరుసటి ఏడు, 1994లో, ఆ పుస్తకం వచ్చింది. మువ్వగోపాలుణ్ని డబ్బు కోసం నిలదీసే ఆడదాని గొంతు అందులో ఎక్కడా తగ్గలేదు.

ఇక మన సంగతి. హోసూరులో, బళ్లారిలో, చిత్తూరులో ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకో భాష మాట్లాడే పిల్లలు ఇప్పటికీ పెరుగుతున్నారు. వాళ్లలో కవిత్వం చదివేవాళ్లను పిలిచి, కపిలర్‌ని నేరుగా తెలుగులోకి తెమ్మని అడిగి, ఆ పనికి తగిన డబ్బిచ్చే ప్రచురణకర్తలు, విశ్వవిద్యాలయాలు కావాలి. ఇది మనకు తెలియని విద్య కాదు. బసవన్న కథను పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో పాడితే, ఆ తెలుగు పుస్తకాన్నే 1369లో భీమకవి కన్నడంలోకి పట్టుకెళ్లాడు.