యాగంటి బసవన్న, నా నడుము

మా అత్తగారికి నమ్మకమైన జ్యోతిష్కుడు ఒకాయన ఉన్నాడు. నాకు ఏలినాటి శని మొదలైందని ఆయన ఫోన్లోనే తేల్చేశాడు. ఇంటి లోను 20 ఏళ్లు కట్టేవాడికి ఏడున్నరేళ్ల శని ఏపాటిదిలే అని నేను ఊరుకున్నాను. మా ఆవిడ ఊరుకోలేదు. నంద్యాలలో ఉండే మా మామకు ఫోన్ కొట్టింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. రిటైరైన లెక్కల మాస్టారు. "దానికేముందమ్మా, యాగంటికి తోలుకరా వాణ్ణి. శని కాలు పెట్టని తావు అదొక్కటే" అన్నాడు. అలా శనికి భయపడి శనివారం నాడే బయల్దేరాం. ఆఫీసుకు సెలవు ఆ రోజే మరి.

బయల్దేరే ముందు మామ ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. హైదరాబాద్‌లో ఎక్కడ తిన్నా ఆ రుచి రాదు కాబట్టి రెండు ప్లేట్లు తిన్నాను. రెండు కాదు మూడు అని మా ఆవిడ తర్వాత నలుగురిలో చెప్పింది. ఈ ఉగ్గాని సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

బనగానపల్లె దారంతా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు. చెట్ల ఆకుల మీద కూడా రాతి దుమ్మే. బంగినపల్లి మామిడి పుట్టిన ఊరు ఇదేనని మా అమ్మాయికి చూపించబోతే, "మరి కాయలేవి నాన్నా?" అంది. నవంబరులో ఏం చెబుతాను. మామ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూర్చుని స్థలపురాణం అందుకున్నాడు. 40 ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. బెల్లు కొట్టేదాకా ఆపడు, కారులో బెల్లు లేదు.

అగస్త్య మహాముని ఇక్కడ వెంకటేశ్వరస్వామికి గుడి కట్టాలనుకున్నాడట. తీరా ప్రతిష్ఠ వేళకు విగ్రహం కాలి బొటనవేలి గోరు విరిగిపోయింది. ముని మనసు చెడి శివుడి కోసం తపస్సుకు కూర్చున్నాడు. శివుడు ప్రత్యక్షమై, ఈ చోటు కైలాసంలా ఉంది, నాకే నప్పుతుంది అన్నాడు. అందుకే ఇక్కడ గర్భగుడిలో లింగం ఉండదు, ఒకే రాతిలో ఉమా మహేశ్వరులిద్దరూ ఉంటారు. గోరు విరిగిన స్వామిని పక్కనే కొండ గుహలో ఇప్పటికీ చూడొచ్చు.

"ఇంగ కాకుల కథ" అన్నాడు మామ. తపస్సులో ఉంటే కాకులు వచ్చి ఒకటే గోలట. అగస్త్యుడికి ఒళ్లు మండి, ఈ చుట్టుపక్కల మీ జాతి కనబడకూడదు పొమ్మని శపించాడు. కాకి శనికి వాహనం కదా. నా వాహనానికి లేని చోటు నాకెందుకని శని కూడా యాగంటికి రావడం మానుకున్నాడట. కారుకు పార్కింగ్ దొరకలేదని పెళ్లి నుంచి వెనక్కి వచ్చేసిన మా కొలీగ్ ఒకడు గుర్తొచ్చాడు నాకు. పైకి అనలేదు.

"ఊరి పేరు ఎట్లొచ్చిందో తెలుసునా పాపా? చిట్టెప్ప అని ఒక భక్తుడు. పులి రూపంలో వచ్చిన శివుణ్ణి గుర్తుపట్టి, నేకంటి శివుని నేకంటి అని ఎగిరి గంతులేసినాడు. ఆ నేకంటే యాగంటి."

మా అమ్మాయికి పదకొండేళ్లు. ఈ ముక్క బాగా పట్టేసింది. కారు దిగీ దిగగానే ఎర్రమల కొండల వైపు చెయ్యి చూపిస్తూ "నేకంటి తాతా, కాకిని నేకంటి!" అని అరిచింది.

మామ గతుక్కుమన్నాడు. కళ్లజోడు సర్దుకుని పొదలోకి తేరిపార చూశాడు. "అది కాకి కాదమ్మా, జెముడుకాకి."

"పేర్లో ఉంది కదా తాతా!"

"పేర్లో ఉంటే అయిపోతుందా? మీ నాయన పేర్లో కుమార్ అని ఉండాది, కుమారుని మాదిరి ఉన్నాడా?"

మా ఆవిడ చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది. ఈలోగా ఒక కోతి మా సంచిలోంచి అరటిపళ్ల గెల తీసుకుని గోడెక్కింది. కాకుల్ని శపించిన మహాముని కోతుల విషయం ఎందుకు పట్టించుకోలేదో మామను అడగాలనుకున్నాను గానీ, ఆయన అప్పటికే కోనేటి మెట్ల దగ్గర ఉన్నాడు. కొండలోంచి వచ్చే నీళ్లు రాతి నంది నోట్లోంచి సన్నగా పడుతున్నాయి. ఏ కాలంలోనూ ఆగవట. నీళ్లు చల్లగా, అడుగున పడ్డ రూపాయి బిళ్ల మీద అంకె కనబడేంత తేటగా ఉన్నాయి.

దర్శనం బాగా అయింది. అసలు కథ బసవన్న దగ్గర.

యాగంటి బసవన్న పెరుగుతున్నాడని తెలియని తెలుగువాడు ఉండడు. 20 ఏళ్లకు ఒక అంగుళం పెరుగుతాడని చెబుతారు. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్లట, ఇప్పుడు స్తంభాలకూ ఆయనకూ మధ్య చోటు చాలక చేయలేరు. పెరిగి పెరిగి, కలియుగం చివర్లో ఈ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో చెప్పాడు. ఆయనకూ ఈ ప్రాంతం పరాయిది కాదు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాసినవాడు. రోజూ ఆవుల్నీ ఎడ్లనీ చూసే మనిషికి యుగాంతం కూడా ఎద్దు రంకెలాగే వినబడి ఉంటుంది.

"1989లో నువ్వు ఈ సందులో దూరి ఆ పక్కకు పోయినావురా అబ్బీ. ఎనిమిదేండ్లు నీకు. నేను బిస్కట్ పాకెట్ చూపిస్తే బయటికొచ్చినావు" అన్నాడు మామ.

మా అమ్మాయి సందు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "నాన్నా? ఇందులోనా?" అంది. ఆ 'నాన్నా'లో ఉన్న అనుమానాన్ని ఏ తండ్రీ భరించలేడు.

జనం కాస్త పలచబడ్డారు. ఒక భుజం ముందు పెట్టి చూశాను, పట్టింది. తల పట్టింది. తల పట్టిన చోట ఒళ్లంతా పడుతుందని మా ఊళ్లో అనేవాళ్లు. వాళ్లు పిల్లి గురించి అన్నారని ఆలస్యంగా గుర్తొచ్చింది. రొమ్ము దాటాక, ఉగ్గాని ఉన్న చోట ఆగిపోయాను. ముందు స్తంభం, వెనక బసవన్న. బెల్టు బకిల్ రాయికి ఎక్కడో తగులుకుంది. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. చల్లటి రాయి వీపుకు తగులుతోంది గానీ నాకు చెమటలు పడుతున్నాయి.

"మామా" అన్నాను మెల్లగా.

మామ మొహం వెలిగిపోయింది. "చూసినావా పాపా! అప్పుడు పట్టినాడు, ఇప్పుడు పట్టలా. బసవన్న పెరిగినట్టా, లేదా?"

పక్కనున్న నలుగురూ దండం పెట్టుకున్నారు. ఎవరికి పెట్టారో తెలియదు, ఇద్దరం ఒకే చోట ఉన్నాం. మా అమ్మాయి మాత్రం ఫోన్లో కాలిక్యులేటర్ తీసింది. "తాతా, 20 ఏళ్లకు అంగుళం అంటే 36 ఏళ్లకు 1.8 అంగుళాలు. నాన్న ప్యాంటు సైజు 40. అప్పుడెంత?"

"నిక్కరేసేటోడు, ఇరవై రెండు ఉండొచ్చు" అన్నాడు మామ నోరు జారి. లెక్కల మాస్టారు కదా, లెక్క అడిగితే అబద్ధం చెప్పలేడు. మిగతా తీసివేత అందరూ మనసులోనే చేసుకున్నారు.

"శని ఇక్కడికి రాడన్నారు కదా బాబాయి గారూ, మరి ఇదేంటి?" అంది మా ఆవిడ. "శని కాదులేమ్మా, మూడు ప్లేట్ల ఉగ్గాని" అన్నాడాయన.

ఇంతలో పొద్దుటూరు నుంచి ఒక బస్సు దిగింది. బిలబిలమంటూ యాభై మంది వచ్చారు. నంది చెవిలో కోరిక చెప్పుకోవడం మనకు అలవాటు కదా. నా తల సరిగ్గా ఆ చెవి పక్కనే ఉంది. మొదటాయన వచ్చి, నన్ను చూసి, తడబడి, కోరిక చెప్పుకోకుండానే వెళ్లిపోయాడు. రెండో ఆవిడ నాకు వినబడకూడదని ఎంత మెల్లగా చెప్పిందంటే బసవన్నకు కూడా వినబడి ఉండదు. కాలేజీ కుర్రాడొకడు మాత్రం నేను లేనట్టే ఒకమ్మాయి పేరు మూడుసార్లు చెప్పి వెళ్లాడు. చెవులు మూసుకుందామంటే ఒక చెయ్యి స్తంభానికి అవతల ఉంది, ఇంకోటి బసవన్న కిందకు పోయింది.

తర్వాత ఒక అవ్వ వచ్చింది. పసుపు రాసిన చేతులు, నడుముకు వేలాడుతున్న వక్కాకు తిత్తి. చెవి దగ్గర వంగి, మూడెకరాల చేను గురించి, సరిహద్దు రాయి జరిపిన మరిది గురించి, 17 ఏళ్లుగా కోర్టులో నడుస్తున్న దావా గురించి మొత్తం చెప్పింది. సర్వే నంబరుతో సహా. చెప్పడం అయ్యాక తలెత్తితే నేను.

"ఇన్యావా?"

"విన్నానవ్వా. కావాలని కాదు."

నన్ను కిందికీ పైకీ చూసింది. కోప్పడుతుందనుకున్నాను. "కానీలే నాయనా. ఎట్లా దగ్గరే ఉండావు గదా, నువ్వు కూడా ఒక మాట చెప్పు సామికి" అంది. ఆఫీసులో తెలిసిన గుమాస్తా దొరికినట్టు చెప్పింది ఆ మాట. సరేనన్నాను. ఆ పరిస్థితిలో ఎవరేమడిగినా సరే అనేవాణ్ణి.

గుడిలో పనిచేసే పెద్దాయన ఒకరు వచ్చి, తిట్టకుండా, నవ్వకుండా, "సారూ, జేబులో ఫోను, పర్సు తీసియ్యి. ఊపిరంతా వదిలి పక్కకు తిరుగు" అన్నాడు. ఆయన నిబ్బరం చూస్తే నేను మొదటివాణ్ణి కాదనిపించింది. దీపాల అంగడి నుంచి ఎవరో నూనె తెచ్చారు. "బసవన్న మీద నూనె గీనె పోయకండప్పా" అని ఆయనే ఆపాడు. ఊపిరి వదిలాను. అరంగుళం కదిలాను. మళ్లీ పీల్చాను. మళ్లీ మొదటికొచ్చాను.

అప్పుడు అవ్వ బసవన్న నుదుటికి గుప్పెడు కుంకుమ వేసింది. సగం ఆయనకు, సగం నాకు. ముక్కులో పడింది.

నాకు తుమ్ము వస్తే అపార్ట్‌మెంట్‌లో రెండు ఫ్లోర్లకు వినబడుతుంది. అది రాతి మంటపం. నేను తుమ్మిన తుమ్ముకు నాలుగు మూలలూ మోగాయి. బెల్టు బకిల్ ఊడి టంగుమని ఎక్కడో పడింది. నేను ఇవతలికి వచ్చి పడ్డాను. క్యూ చివర్లో, నేను కనబడని చోటునుంచి ఒకాయన గట్టిగా అరిచాడు: "రంకేసినాడు! బసవన్న రంకేసినాడు!"

ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. తర్వాత "హర హర మహాదేవ" అని ఒకటే కేకలు. ఎవరో పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఆ గోలలో మామ గొంతు ఒక్కటే క్లాసులో పలికినట్టు ఖంగుమంది. "ఏమీ కాలేదప్పా! మావాడు తుమ్మినాడు! కలియుగం మొత్తం 4,32,000 ఏండ్లు, అయింది ఐదు వేల చిల్లర. ఇంకా 4 లక్షల 26 వేల ఏండ్ల పైన ఉండాది. నిమ్మళంగా క్యూలో రాండి!"

జనం నిమ్మళించారు. కొందరు కాస్త నిరాశపడ్డట్టు కూడా అనిపించింది. మా అమ్మాయి ఆ లెక్కన అప్పటికి బసవన్న 1,700 అడుగులు దాటి పెరుగుతాడని తేల్చింది. "స్తంభాలు తీసెయ్యాలి తాతా" అంది. మామ ఏదో చెప్పబోయి, కోనేరు వైపు నడిచాడు.

బెల్టు లేని ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, మొహం నిండా కుంకుమతో చెప్పుల కోసం వెళ్తుంటే వెనక నుంచి ఎవరో చొక్కా లాగారు. అవ్వ.

"చెప్పినావా నాయనా, నా దావా సంగతి?"

"చెప్పినానవ్వా."

"ఏమన్నాడు?"

మామ పక్కనే ఉన్నాడు. అబద్ధం చెప్పాలన్నా లెక్క కుదరాలి. "లేచినాక చూస్తానన్నాడవ్వా" అన్నాను.

అవ్వ వక్కాకు నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించింది. "పోనీలే" అంది. "మా లాయరు చెప్పే వాయిదా కంటే అదే ముందు."