పెళ్లి వీడియోకు సరిహద్దుల సంఘం కావాలి

కత్తిరింపు అంటే ఏమిటో మా పర్లాకిమిడివాళ్లకు కొత్తగా నేర్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా జమీందారీని రెండు ముక్కలు చేసి, ఊరిని ఇటు ఒడిశాలో, పక్కనున్న పాతపట్నాన్ని అటు, ఇప్పటి ఆంధ్రలో, ఉంచారు. అత్తిల్లు ఒక రాష్ట్రం, పుట్టిల్లు మరో రాష్ట్రం. అయినా ఆ పెద్దమనుషులను మెచ్చుకోవాలి, ఒక్క గీతతో పని ముగించారు. నేను మేనకోడలి పెళ్లి వీడియో ముందు మూడు నెలలుగా కూర్చున్నాను.

మూడు ఫోన్లలో తీసినది మొత్తం నాలుగు గంటలు. "ఇరవై నిమిషాలకు కుదించరా, కానీ ఎవరినీ తీసేయకు" అంది అక్క. ఇంత స్పష్టమైన ఆదేశం ఏ ప్రభుత్వమూ ఇచ్చి ఉండదు.

మొదటి రోజే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు సేవ్ చేసి చూస్తే ఫైలు ఒక ఫోటో అంత కూడా లేదు. నాలుగు గంటల పెళ్లి ఇంత భరిణెలో ఇమిడిందా అని మురిసిపోయి, కంప్యూటర్‌లో చోటు కోసం అసలు వీడియోలన్నీ చెరిపేశాను. మర్నాడు తెరిస్తే పెళ్లికూతురు లేదు, పెళ్లికొడుకు లేడు, "ఫైలు దొరకలేదు" అన్న పలకలు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రాజెక్టు ఫైలు పెళ్లి కాదు, శుభలేఖ. ఎవరు ఎప్పుడు రావాలో అందులో రాసి ఉంటుంది, మనుషులు మాత్రం వేరే చోట ఉంటారు. ఫోన్లలో దేన్నీ చెరపని వంశం మాది కాబట్టి పెళ్లి నిలబడింది.

తర్వాత మాంగల్యధారణ. బాజాలు ముందు మోగుతున్నాయి, తాళి తర్వాత పడుతోంది. పెద్దలు దీన్ని అపశకునం కింద చర్చించారు. దోషం ముహూర్తానిది కాదు. సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు, తీస్తానని చెప్పుకునే ఫోను, మండపంలో వెలుతురు తగ్గగానే చెప్పకుండా లెక్క తగ్గించుకుంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అది స్థిరమైన లెక్కేనని నమ్ముతుంది, దాంతో బొమ్మకూ శబ్దానికీ పొత్తు కుదరదు. ముందే ఫైళ్లను ఒకే ఫ్రేమ్ రేటుకు మార్చుకోవాలట. పేజీలు తిప్పే, హృదయాలు ఎగిరే అలంకారాల గురించి చెప్పను. అన్నీ వాడాను.

అసలు ప్రమాదం ఇంకొకటి. లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు ఏ భావమూ లేని ఒకే ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన అతికించి చూపితే, జనానికి ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం కనిపించాయంటారు. పెళ్లికొడుకు పెదనాన్నగారు ఫ్యాను వైపు చూస్తున్న షాటు పక్కన నేను కానుకల బల్లను పెట్టాను. ఆయన ఇప్పుడు నా ఫోను ఎత్తడం లేదు. కులెషోవ్ ఆ ప్రయోగం వియ్యాలవారి మీద చేయలేదు.

ఎలాగో ఇరవై నిమిషాలకు కుదించిన వీడియోను పాతపట్నం పిన్ని గడియారం పెట్టుకుని చూసింది. ఒడిశా వైపువాళ్లు పదకొండు నిమిషాలు, ఆంధ్ర వైపువాళ్లు తొమ్మిది. అందుకే నా విన్నపం: 1931లో ఒడిశా హద్దులు తేల్చడానికి ఓడొన్నెల్ అనే తెల్లదొరగారి అధ్యక్షతన సరిహద్దుల సంఘం వేసినట్టు, ప్రతి పెళ్లి వీడియోకూ ఒక సంఘం వేయాలి. అధ్యక్షుడికి రెండు వైపులా చుట్టరికం ఉండకూడదు. నివేదిక ఇచ్చాక ఆయన ఓడ ఎక్కి వెళ్లిపోవాలి.

అంతవరకు నా వీడియో నిడివి మూడు గంటల యాభై రెండు నిమిషాలు. తీసేసిన ఎనిమిది నిమిషాల్లో ఉన్నది నేనొక్కణ్ణే. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.